అలసట చేసిన ప్రార్థన

మస్కట్‌లోని ఆ తెలుగు ఫెలోషిప్‌లో ఏ పని ఆగిపోయినా అందరి చూపూ ఒకే మనిషి వైపు తిరిగేది. పాట ఎత్తుకునేవాళ్ళు రాలేదా, కృపాబాయి. అంతమందికీ బిర్యానీ వండాలా, కృపాబాయి. కొత్తగా వచ్చిన నర్సు పిల్ల ఇంటిమీద బెంగతో ఏడుస్తోందా, కృపాబాయి. "అక్క ఉందిగా" అనుకుని అందరూ నిశ్చింతగా కూర్చునేవారు. ఎవరేం అడిగినా ఆమె "సరే, చూస్తాలెండి" అనేది. ఆ చూడడం ప్రతిసారీ చెయ్యడమే అయ్యేది.

నరసాపురం దగ్గర పల్లెలో పుట్టి, నర్సింగ్ చదివి, పెళ్ళయ్యాక ఒమన్ వచ్చిన మనిషి కృపాబాయి. అల్ ఖువైర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త నోవహు అల్ మవాలేలో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. "మా ఆవిడను దేవుడు నాకిచ్చాడు, నేను ఫెలోషిప్‌కి అద్దెకిచ్చాను" అనేవాడు నలుగురిలో. అందరూ నవ్వేవారు. కృపాబాయి కూడా నవ్వేసి ఊరుకునేది.

ఒక సంగతి దాచడం ఎందుకు, ఆ "అక్క ఉందిగా" అన్న మాట ఆమెకు ఇష్టం. ఒళ్ళు హూనమైపోయి మంచమెక్కిన రోజున కూడా ఆ మాట తలుచుకుంటే హాయిగా ఉండేది. దేవుడి కోసం అరిగిపోవడమంటే ఇదే కాబోలు అనుకునేది. అలసటని భక్తి అనుకునే జబ్బు మనవాళ్ళలో చాలామందికి ఉంది. దానికి మందు ఇచ్చేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళు మాత్రం బోలెడు మంది.

ఆ ఏడు రంజాన్ నెలా, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలమూ ఒకే వారంలో మొదలయ్యాయి. ఫెలోషిప్ వాళ్ళు గొలుసు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. అంటే రోజుకొకరు చొప్పున ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యాలి. ఒక్క రోజు కూడా ఖాళీ పోకూడదు, పోతే గొలుసు తెగినట్టే. సెక్రటరీ ప్రీతమ్, బ్యాంకులో పనిచేసే కుర్రాడు, వాట్సాప్ గ్రూపులో పేర్లు అడిగితే మొదట అందరూ ఎగబడి ఇచ్చారు. తీరా రోజు దగ్గరికొచ్చేసరికి ఒకరికి షుగరు, ఒకరికి నైట్ డ్యూటీ, ఒకరి ఇంటికి చుట్టాలు. అలా తప్పుకున్నప్పుడల్లా ప్రీతమ్ ఫోన్ చేసేవాడు. "అక్కా, గొలుసు తెగిపోతుంది." కృపాబాయి "నా పేరు రాసేసుకో తమ్ముడూ" అనేది. మొట్టమొదటి శుక్రవారానికే ఒకాయన తప్పుకున్నాడు. ఆ రోజు కూడా ఆమె మీదే పడింది.

ఆ శుక్రవారం తెల్లారకముందే లేచి ఆమే బిర్యానీ వండింది. రంజాన్‌లో పగలు నలుగురిలో తినకూడదు కాబట్టి ఆరాధన తర్వాత హాల్లో భోజనాలు లేవు. పొట్లాలు కట్టి చేతికిస్తే ఎవరి రూముకి వాళ్ళు పట్టుకెళ్ళి తినాలి. హాలు మనకి దొరికేది కాసేపే. మలయాళీలు వెళ్ళాక మనం, మనం ఖాళీ చెయ్యగానే ఫిలిప్పీన్స్ వాళ్ళు. అందుకని అక్కడ ప్రతిదీ ఉరుకులు పరుగులే. హాలు వెనక చిన్న గదిలో, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, కృపాబాయి పొట్లాలు కడుతోంది. కాళ్ళు లాగేస్తున్నాయి.

అప్పుడొచ్చి గుమ్మంలో నిలబడింది తిరుపతమ్మ. కడప జిల్లా మనిషి. అల్ మవాలేలో హఫ్సా అనే టీచరు ఇంట్లో పని చేస్తుంది. వంట, ఇల్లు, పిల్లలు, అన్నీ తనే. తిరుపతమ్మ క్రైస్తవురాలు కాదు. నెలకో శుక్రవారం బయటికి పంపిస్తే, నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయని ఇక్కడికి వచ్చేది. పాటలప్పుడు చప్పట్లు మాత్రం అందరికన్నా గట్టిగా కొట్టేది. వెళ్ళేటప్పుడు ఎవరితో ఉంటుందో తెలియాలని హఫ్సా అడిగితే తిరుపతమ్మ కృపాబాయి నంబరే ఇచ్చింది. హఫ్సా ఒకసారి ఫోన్ చేసి పలకరించింది కూడా.

"అక్కా, నీతో ఒక మాట చెప్పల్ల."

"చెప్పమ్మా, వింటున్నా" అంది కృపాబాయి, పొట్లానికి రబ్బరు బ్యాండు తగిలిస్తూ.

తిరుపతమ్మ తలుపు ఓరగా వేసింది. చున్నీ కింద ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. "ఈడ గడ్డ మాదిరి తగుల్తాండాదక్కా. నొప్పేం లేదు. అయినా భయంగా ఉండాది. మేడమ్‌కు చెప్తే ఇంటికి పంపిచ్చేస్తాదేమోనని చెప్పలేదు. పండగ దాంక ఇంక నన్ను బయటికి పంపరు. నువ్వు నర్సు గదా, నీకైతే..."

"అక్కా!" హాల్లోంచి ప్రీతమ్ కేక. "పాట! అందరూ కూర్చున్నారు!"

ఇదే మాట ఆసుపత్రిలో చెప్పి ఉంటే కృపాబాయి తెర లాగేది. చేతులు కడుక్కుని, పడుకోబెట్టి, నొక్కి చూసి, ఆ పూటే డాక్టరు ముందు కూర్చోబెట్టేది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని. కానీ ఇది చర్చి. చర్చిలో ఎవరు వచ్చి ఏ కష్టం చెప్పుకున్నా చేసేది ఒకటే అలవాటైపోయింది. దానికి తోడు ఆ క్షణాన ఆమె ఒంట్లో ఇంకో ప్రశ్న అడిగేంత ఓపిక కూడా లేదు. చేతులు గబగబా తుడుచుకుని, తిరుపతమ్మ తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నీ బిడ్డ భయంతో నీ దగ్గరికి వచ్చింది. ఆమె బాధ నీకు తెలుసు. నీ హస్తం ఆమె మీద ఉంచు. ఆ గడ్డని కరిగించు తండ్రీ. ఆమెన్."

"ఆమెన్" అని తిరుపతమ్మ ఇంకా ఏదో చెప్పబోయింది.

"ప్రార్థన చేశాం కదా, ఇంక భయపడకు. దేవుడే చూసుకుంటాడు" అంటూ ఒక పొట్లం ఆమె చేతిలో పెట్టి కృపాబాయి పాట ఎత్తుకోవడానికి పరిగెత్తింది.

ఆ గడ్డ సంగతి దేవుడికి ముందే తెలుసు. తెలియాల్సింది నర్సుకి. ఆ మాట చెప్పడానికే తిరుపతమ్మ తనకి దొరికే ఒక్క శుక్రవారాన్నీ పట్టుకుని అంత దూరం వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న మనిషిని త్వరగా, మర్యాదగా సాగనంపాలంటే ప్రార్థనంత వీలైనది ఇంకోటి లేదు. ఎవరూ తప్పు పట్టలేరు. సాగనంపించుకున్న మనిషి కూడా చేతులు జోడించి మరీ వెళ్తుంది.

రంజాన్ గడిచింది, పండగ గడిచింది. తిరుపతమ్మ మళ్ళీ రాలేదు. రాలేదన్న సంగతే కృపాబాయి గమనించలేదు. డ్యూటీలు, గొలుసులో ఖాళీలు, ఈస్టరు పాటల ప్రాక్టీసు. దానికి తోడు గుడ్ ఫ్రైడేనాడు శిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడడం మనవాళ్ళ ఆచారం. అందులో ఐదో మాట, "దప్పిగొనుచున్నాను" అన్నది, ఆమెకిచ్చారు. వంటింట్లో గరిటె తిప్పుతూ దానికి సిద్ధపడుతుంటే నోవహు వచ్చి పొయ్యి కట్టేసేవాడు, కూర మాడిపోతోందని.

గుడ్ ఫ్రైడే వారంలోనే ఒక రోజు వార్డులో ఒక సంగతి జరిగింది. ఇన్సులిన్ ఇచ్చే ముందు ఇద్దరు నర్సులు చూడాలని రూలు. కృపాబాయి మందు సిరంజిలోకి తీసి, పక్కనున్న సూసన్‌కి చూపించింది. సూసన్ తెనాలి పిల్ల. అదే వార్డు, అదే ఫెలోషిప్.

"ఇది ఎవరికక్కా?"

"నాలుగో బెడ్‌కి."

"నాలుగో బెడ్ ఆయనకి షుగరే లేదు కదక్కా."

కృపాబాయి ఫైలు వంక చూసింది. సిరంజి వంక చూసింది. ఎవరో నెత్తి మీద చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. ఆ మందు లోపలికి వెళ్ళి ఉంటే ఆ ముసలాయన ఏమైపోయేవాడో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. తనే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఇన్‌చార్జి చివాట్లు పెట్టింది, రిపోర్టు రాయించింది, వెళ్ళి నర్సులు టిఫిను తినే పాంట్రీలో కాసేపు కూర్చోమంది.

సూసన్ వెనకే వచ్చి బ్రెడ్డూ ఆమ్లెట్టూ ముందు పెట్టింది.

"ఇవాళ ఉపవాసమే" అంది కృపాబాయి నీరసంగా.

"ఎవరి రోజక్కా?"

"ఎవరిదో. గుర్తులేదు."

"నిన్న ఆ షుగరు పేషెంటుకి మీరే కదక్కా క్లాసు పీకారు, టైముకి తినకపోతే ఒళ్ళు మాట వినదని? మీ ఒంటికి మాత్రం వేరే దేవుడున్నాడా?" అని సూసన్ ప్లేటు ఇంకా దగ్గరికి జరిపి వెళ్ళిపోయింది.

కృపాబాయి తింది. తిన్నాక కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్ళయిందో అలా ఒళ్ళు మరిచి నిద్రపోయి. లేచేసరికి పాంట్రీ నిశ్శబ్దంగా ఉంది. తల తేలిగ్గా ఉంది. ఫ్రిజ్ చేస్తున్న చప్పుడు కూడా విడిగా వినిపిస్తోంది. అప్పుడు, ఎవరూ తలవకుండానే, ఒక గొంతు గుర్తొచ్చింది.

"ఈడ గడ్డ మాదిరి తగుల్తాండాదక్కా. నొప్పేం లేదు."

కృపాబాయి దిగ్గున లేచి నిలబడింది. నొప్పి లేని గడ్డ! నొప్పి లేనిదాన్ని చూసే ఎక్కువ భయపడాలని ఎంతమంది ఆడవాళ్ళకి చెప్పింది తను! ఆ మాట చెవిన పడి నెల దాటిపోయింది. ఎవరు చూశారు దాన్ని? ఎవరూ చూడలేదు. తనే ఎవరూ చూడకుండా చేసింది.

తిరుపతమ్మకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆమె ఫోన్ ఇంట్లో వైఫై ఉంటేనే పలుకుతుంది. హఫ్సాకి చేసింది. హఫ్సా హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది. పండగ తర్వాత వాళ్ళమ్మ కాలు విరిగిందట. అందరూ మస్కట్‌కి రెండు గంటల దూరంలో ఇబ్రా అనే ఊళ్ళో వాళ్ళమ్మ ఇంట్లో ఉన్నారట. తిరుపతమ్మే ముసలావిడను కనిపెట్టుకుని ఉందట. ఇంకా కొన్ని వారాలు అక్కడే ఉంటుందట.

"నేను వచ్చి ఒకసారి చూడొచ్చా?" అంది కృపాబాయి.

"అహ్లన్, తప్పకుండా రండి. ఏమైనా విశేషమా?"

విషయం చెప్పబోయి ఆగింది. తిరుపతమ్మ అనుమతి లేకుండా ఆమె ఒంటి సంగతి ఆమె యజమానురాలికి చెప్పే హక్కు తనకి లేదు. చూడాలనిపించిందని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది. ఇన్‌చార్జిని బతిమాలింది. శుక్రవారం దాకా సెలవు లేదంది ఇన్‌చార్జి. శుక్రవారమంటే గుడ్ ఫ్రైడే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నోవహుకి అంతా చెప్పింది. చెప్పి, అప్పటికే వేసుకున్న ప్లాను కూడా చెప్పింది. "ఆరాధన మూడింటికల్లా అయిపోద్దండి. అట్నుంచి అటే బయల్దేరితే చీకటి పడేసరికి ఇబ్రా వెళ్ళిపోవచ్చు. కాసేపు కూర్చుని, ఆ రాత్రికే వచ్చేస్తే శనివారం డ్యూటీకి..."

నోవహు టీ కప్పు కింద పెట్టాడు. "రోజంతా పస్తుండి, పాటలు పాడి, ప్రసంగం చేసి, అప్పుడెళ్ళి ఏం చేస్తావు కృపా? మళ్ళీ తల మీద చెయ్యి పెట్టి వచ్చేస్తావా?"

కృపాబాయికి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. "దేవుడి పని కదండీ. ఎలా కాదంటాను?"

"అన్నీ దేవుడి పనులే. ఎవరు కాదన్నారు? అన్నీ నీ పనులేనని ఎవరు చెప్పారు?"

ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. కృపాబాయి మంచం మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ కాదంటే పాపమనుకుంది. ఇప్పుడు నిజంగా మనసు తడుముకుని చూస్తే, పాపం కన్నా ముందు తగిలింది వేరే భయం. కాదంటే ఆ పేరు పోతుంది. అక్క ఉందిగా అనేవాళ్ళు అక్క లేదు అంటారు. తన ఓపిక కూడా దేవుడిచ్చిందే కదా. దాన్ని పేరొచ్చే చోటల్లా పోసి, ఒక భయపడ్డ మనిషి వచ్చి నిలబడితే చేతులు ఖాళీ అన్నది తను. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. ఆ సిగ్గు చల్లారకముందే ఫోన్ తీసి ప్రీతమ్‌కి చేసింది.

"తమ్ముడూ, ఈ శుక్రవారం నేను రాను."

"అక్కా, ఐదో మాట మీదే!"

"ఇంకెవరికైనా ఇవ్వు."

"పాటలో?"

"వచ్చినవాళ్ళు పాడతారు."

"పోనీ గురువారం? గొలుసులో గురువారం మీ పేరే ఉందక్కా. ఇంకా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, ఇప్పుడు తెగితే ఎలా?"

"తెగితే తెగనీ తమ్ముడూ. గురువారం నేను అన్నం తింటాను."

అన్నట్టే తింది. నోవహు అల్ మవాలే నుంచి వస్తూ చేపలు తెచ్చాడు. పులుసు పెట్టుకుని ఇద్దరూ కడుపునిండా తిన్నారు. పెందరాళే పడుకున్నారు. గుడ్ ఫ్రైడేనాడు పొద్దున్నే లేచి ఇడ్లీలు తింటున్న భార్యను నోవహు ఎగాదిగా చూశాడు కానీ, ఆ రోజుకి నోరు మూసుకున్నాడు. అది ఆయన చేసిన ఉపవాసం.

ఇబ్రా వెళ్ళే రోడ్డు పొడుగునా గోధుమరంగు కొండలు. హఫ్సా వాళ్ళ అమ్మగారి ఇల్లు ఊరి చివర, చుట్టూ ఖర్జూరం చెట్లు. హఫ్సా ఎదురొచ్చి మర్యాద చేసింది. నోవహుని మగవాళ్ళ గదిలో కూర్చోబెట్టి, కృపాబాయికి ఖర్జూరాలూ కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇచ్చి, లోపలికి కేకేసింది. "తిరూ! మీ సిస్టర్ వచ్చింది!"

తిరుపతమ్మ తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "అక్కా! నా కోసరమే వచ్చినావా? ఇంత దూరం?" కృపాబాయి ఆ తడి చేతులే పట్టుకుంది.

వంటింటి పక్కన తిరుపతమ్మ పడుకునే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

"తిరుపతమ్మా, ఆ గడ్డ ఎలా ఉంది?"

"అదా?" అని నవ్వింది. "నువ్వు ప్రార్థన చేసినావు గదక్కా. ఆ పొద్దుతోనే నా భయం పోయింది. మళ్ళీ చెయ్యి పెట్టి గూడా చూసుకోలేదు. చూసుకుంటే నమ్మకం లేనట్ల అయితాది గదా."

పొట్లాలకీ పాటకీ మధ్య, కృపాబాయి అలసట చేసిన ఆ రెండు ముక్కల ప్రార్థనను పట్టుకుని, ఈ మనిషి నెల పైగా ధైర్యంగా బతికింది. చూపించుకోవడం కూడా మానేసింది. ఇంతకంటే పెద్ద శిక్ష ఇంకేముంటుంది ఒక నర్సుకి? ఒక విశ్వాసికి?

"నువ్వు నమ్మావు. నేనే సరిగ్గా చెయ్యలేదు" అంది. "ఆ రోజు నేను నీ మాట వినలేదమ్మా. ఒంట్లో ఓపిక లేదు. నిన్ను తొందరగా పంపించెయ్యడానికి ప్రార్థన చేశాను. నేను చెయ్యాల్సిన పని చెయ్యకుండా దేవుడి మీదికి తోసేశాను. ఇవాళ చూస్తాను. చూడనిస్తావా?"

తిరుపతమ్మ ముఖంలో నవ్వు పోయింది. చున్నీ తీసి మంచం మీద పడుకుంది.

కృపాబాయి చేతులు కడుక్కుని వచ్చింది. వేళ్ళ కింద కుంకుడు గింజలా గట్టిగా తగిలింది. జరపబోతే జరగలేదు. చంకలో ఇంకొకటి, చిన్నది.

"ఏందక్కా, అంతసేపు చూస్తాండావు?"

"జాగ్రత్తగా చూస్తున్నా. ఇవాళ నాకేం తొందర లేదు."

చూశాక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. ఏమిటో పరీక్ష చేస్తే గానీ తెలీదు. వెంటనే మస్కట్ వెళ్ళాలి. తిరుపతమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మేడమ్‌కి చెప్పొద్దంది, పంపించేస్తారంది, కూతురి కాలేజీ చదువు మధ్యలో పోతుందంది. కృపాబాయి వాదించలేదు. "నీ ఒళ్ళు, నీ ఇష్టం. నువ్వు సరేనంటేనే చెబుదాం. నేను పక్కన ఉంటాను" అని మంచం అంచున కూర్చుంది. ఎప్పటికో తిరుపతమ్మ లేచి ముఖం కడుక్కుంది. "పద" అంది.

హఫ్సా అంతా విని వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది. "నా పిల్లలకి నీ చేత్తో తినిపిస్తావు. నాకెందుకు చెప్పలేదు తిరూ? పంపించేస్తాననుకున్నావా?" అంది. తిరుపతమ్మ తలొంచుకుంది. హఫ్సా మెల్లిగా, "ఏమో. కొత్తలో అయితే పంపించేదాన్నేమో" అంది. అలా అన్నందుకు కృపాబాయికి ఆమె మీద గౌరవం కలిగింది. ఆదివారం తనే కారులో మస్కట్ తీసుకొస్తానంది హఫ్సా.

తిరుగు దారిలో ప్రీతమ్ మెసేజ్ వచ్చింది. ఐదో మాట సూసన్ చెప్పిందట. భయంతో మూడు ముక్కల్లో ముగించేసిందట. పొట్టిగా ఉందని అందరికీ తెగ నచ్చిందట. గురువారం ఎవరూ ఉపవాసం ఉండలేదట, గొలుసు తెగిందట. ఆకాశమేమీ ఊడిపడినట్టు రాయలేదు. ఈస్టరు రోజున మగవాళ్ళంతా కలిసి పులిహోర చేశారు. ఉప్పు చాలలేదు. అయినా ఒక్క మెతుకు మిగల్లేదు.

ఆ తర్వాత కృపాబాయి ఒక వారం పాడితే ఒక వారం వెనక వరసలో కూర్చుని వింటోంది. డ్యూటీకి తినకుండా వెళ్ళడం మానేసింది. అది మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. "అక్క ఇదివరకటిలా లేదు, చల్లారిపోయింది" అన్నారు కొందరు. భక్తి తగ్గినవాళ్ళని మనవాళ్ళు అనే మాట అది. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమెకి నిజంగానే బాధ కలిగింది. మనిషి కదా. కానీ మళ్ళీ వెళ్ళి గరిటె పట్టుకోలేదు. ఆ వారం ఆమె ఓపికకి వేరే పని ఉంది.

గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపిన ఫలితం ఆ వారమే వచ్చింది. పెద్దాసుపత్రిలో ఈజిప్టు డాక్టరమ్మ. ఆమెకి అరబ్బీ, ఇంగ్లీషు తప్ప రావు, తెలుగూ, కాస్త హిందీ తప్ప తిరుపతమ్మకి ఇంకేవీ రావు. మధ్యలో కృపాబాయి. సెలవు పెట్టి, తిని, నిద్రపోయి మరీ వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. క్యాన్సరే. చంకలోకి కూడా పాకింది. ఆపరేషన్ చెయ్యాలి, తర్వాత చాలాకాలం మందులు. నయమవ్వడానికి మంచి అవకాశమే ఉంది, కానీ మాట ఇవ్వలేరు. తిరుపతమ్మ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది.

డాక్టరమ్మ కేసు రాసుకుంటూ అడిగింది, గడ్డ మొదట ఎప్పుడు చూసుకుంది, ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళకి ఎవరికైనా ముందే చెప్పిందా అని. కృపాబాయి ఆ ప్రశ్నని తెలుగులో చెప్పింది.

తిరుపతమ్మ ఆమె వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "రంజాన్ ముందర చూసుకుంటినని చెప్పక్కా. ఎవరికీ చెప్పలేదని చెప్పు. సిగ్గుపడి నేనే దాచిపెట్టుకుంటి. నాదే తప్పని చెప్పు."

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. తిరుపతమ్మ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో అనేస్తే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

"రంజాన్ ముందు చూసుకుందట" అంది కృపాబాయి ఇంగ్లీషులో. "రంజాన్ మొదటి వారంలోనే ఒక నర్సుకి చెప్పింది. ఆ నర్సుని నేనే. నేను పరీక్ష చెయ్యలేదు, ఆసుపత్రికి పంపలేదు."

డాక్టరమ్మ తలెత్తి ఆమెను చూసింది. ఆ మాటే రాసుకుంది. ఆ నెల వల్ల తేడా వచ్చిందా అని కృపాబాయి అడిగితే, "ఎవరం చెప్పగలం?" అని, ఆపరేషన్ కాగితాల కోసం పక్క గదిలోకి వెళ్ళింది.

"నేను చెప్పింది ఇంత, నువ్వు చెప్పింది అంత. ఏం చెప్పినావక్కా?" తిరుపతమ్మ గొంతులో అనుమానం.

"నువ్వు నాకు చెప్పావని చెప్పాను."

"నీకేం పిచ్చా? నీ ఉద్యోగానికి ఏమన్నా అయితే? నేను చెప్పినట్ల చెప్పుంటే సరిపోతాండె గదా!"

"చెప్పాల్సింది నువ్వు చెప్పావు. విననిది నేను. దాన్ని నీ తప్పుగా రాయించలేను తిరుపతమ్మా."

తిరుపతమ్మ చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత కొంచెం ఇటు తిరిగింది.

"ఇప్పుడు వింటాండావు గదా?"

"వింటున్నా."

"అయితే ఒకటి చెప్తా, మధ్యలో ప్రార్థన చెయ్యాకు" అంది తిరుపతమ్మ. "నాకు చచ్చేంత భయంగా ఉండాదక్కా."

కృపాబాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. తిరుపతమ్మ చెప్పడం మొదలుపెట్టింది.